డాక్టరుకు చెప్పని కషాయం

మా నందినిలో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు తెలిసేది పక్క క్వార్టరు వాళ్లకే. డాక్టరు దాకా వెళ్లేసరికి మనిషి నాలుగిళ్ల సలహాలు వినేసి, అందులో రెండు మొదలుపెట్టేసి ఉంటాడు. ఈ అలవాటును తిడుతూ చాలామంది రాశారు. నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి నేనూ అదే రాస్తానని మా వాళ్లు అనుకుంటారు. నా మాట వేరు. ఇరుగుపొరుగును అడగడం మానకండి. అడిగి, ఏదో వాడుతూ, ఆ సంగతి ఆసుపత్రిలో దాచడం మాత్రం మానండి. దాచుకోవాల్సిన పరిస్థితి తెచ్చిపెట్టే వైద్యులు, సిబ్బంది కసురుకోవడం మానాలి.

నందిని ఎక్కడుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా. భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇక్కడి ఖదానుల నుంచి, అంటే గనుల నుంచి, వెళ్తుంది, ఇనుప ఖనిజం దల్లీరాజ్‌హరా నుంచి. సోవియట్ సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరిలో మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలికీ కొలువుకీ వచ్చిన కుటుంబాలు భిలాయి సెక్టార్లలో, ఖుర్సీపార్‌లో, ఇక్కడ నందినిలో స్థిరపడ్డాయి. వచ్చినవాళ్లంతా వయసులో ఉన్నవాళ్లు. పెద్దవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. బాలింతకు ఏ కూర పెట్టాలో, పిల్లాడికి దగ్గు పట్టుకుంటే రాత్రి ఎలా గట్టెక్కించాలో చెప్పే అమ్మమ్మ ఎక్కడో దూరాన రైలు ప్రయాణం అవతల ఉండేది. ఆ లోటు తీర్చింది ఎదురింటి ఛత్తీస్‌గఢీ దీదీ, పక్కింటి బెంగాలీ మాశీ, వెనకింటి ఒడియా వదినగారు. వాళ్లను అడిగే మా పిల్లల్ని పెంచుకున్నాం. అందుకే ఈ ఊళ్లో సలహా అడగడాన్ని మూఢత్వం అంటే నాకు బాధేస్తుంది.

పైగా ఆసుపత్రి చెప్పలేని సంగతులు పొరుగువాళ్లు చెప్తారు. బీపీ మనిషికి డాక్టరు "ఉప్పు తగ్గించండి" అంటాడు. అంతే. వెనక వరసలో ఇంకా నలభై మంది కూర్చుని ఉంటారు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఉప్పు తగ్గిస్తే పులుసు నోట్లో పెట్టుకోవడం ఎలాగో చెప్పాల్సింది ఇరవై ఏళ్లుగా బీపీ మొగుడికి వండిపెడుతున్న ఇల్లాలే. పోపులో వేయించిన జీలకర్ర కాస్త ఎక్కువ పడాలనీ, దించాక నిమ్మకాయ పిండితే ఉప్పు లోటు తెలియదనీ, కూరలో తగ్గించి కంచంలో ఆవకాయా అప్పడమూ వేసుకుంటే తగ్గించినట్టే కాదనీ ఆమె చెప్తుంది. మా శ్రీకాకుళం వాళ్లకు ఎండుచేప మానడం ప్రాణం మీదికి వచ్చే పని. వారానికోసారి మాత్రమే, అదీ బాగా నానబెట్టి నీళ్లు పారబోసి, వంటలో వేరే ఉప్పు వేయకుండా వండమని ఒకావిడ తోటివాళ్లకు నేర్పింది. పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ మాట వల్ల నాకు తెలిసిన ఇళ్లలో ఉప్పు నిజంగా తగ్గింది.

ఇక్కడి తిండి నుంచీ మాకు చాలా వచ్చింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినే బోరే బాసీ మన చద్దన్నమే. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అందరూ బాసీ తినాలని అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే పిలుపునిచ్చింది. ఎండాకాలం 45 డిగ్రీల్లో ఖదానులోకి దిగేవాడికి ఉల్లిపాయతో అంత బాసీ ఎంత మేలో నేను కళ్లారా చూశాను. బజారులో మునగాకు, తోటకూర లాంటి లాల్ భాజీ, మన తగిరిసాకు అయిన చరోటా భాజీ కట్టలు కట్టి అమ్ముతారు. కోదో, కుట్కీ అమ్ముతారు, అంటే మన అరికెలు, సామలు. ఖాదర్ వలీ గారి ప్రసంగాలు విని తెలుగు ఇళ్లలో సిరిధాన్యాల మోజు పెరిగినప్పుడు, మా వాళ్లు కొందరు హైదరాబాదు నుంచి పొట్లాలు తెప్పించుకున్నారు. ఎదురింటి దీదీ వాళ్ల అత్తగారు పుట్టిన్నాటి నుంచీ తింటున్న గింజ అదే.

అయితే ఇక్కడే ఒక సంగతి చూడాలి. కోదో తింటే షుగరు రాదని విన్న మనిషి ఆ మాటను మాత్రం పట్టుకుంటాడు. ఆ దీదీ అత్తగారు పొద్దంతా పొలంలో వంగి పనిచేసిందనీ, ఆ అన్నం గిన్నెలో సగమే ఉండి మిగతాది ఆకుకూరా పప్పూ అనీ ఎవరూ చెప్పరు. చిరుధాన్యంలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి షుగరు మెల్లగా ఎక్కుతుంది, ఎక్కకుండా మాత్రం ఉండదు. మందు కదా అని వరి అన్నానికి రెట్టింపు అరికెలన్నం తిని, మాత్ర ఆపేసి, మూడు నెలల తర్వాత కాలి పుండుతో వచ్చిన మనిషికి నేను కట్టు కట్టాను. అరికెల్ని నేను తప్పు పట్టను. మాత్ర ఆపేసినట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు, అదే ఆ కాలి మీదికి తెచ్చింది.

ఉద్దానం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నాకు బాగా గుర్తున్నాడు. ఉద్దానం సంగతి తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటింటా కిడ్నీ రోగమే. ఎన్నో బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షించినా కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కారణం తెలియని జబ్బు వచ్చినవాడు ఎవరేం చెప్పినా వింటాడు, వినకుండా ఎలా ఉంటాడు? ఈ పెద్దాయనకు క్రియాటినిన్ పెరిగి ఉంది, డయాలసిస్ దాకా రాలేదు. కాళ్లు పట్టు తప్పుతున్నాయని తీసుకొచ్చారు. ఈసీజీ తీస్తే గీతలు మారిపోయి ఉన్నాయి. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది. ఏం తింటున్నారని డాక్టరు అడిగితే ఇంట్లోవాళ్లు "మీరు చెప్పినవేనండి" అన్నారు. దుప్పటి మారుస్తుంటే తలగడ కింద పచ్చటి సీసా కనిపించింది. పాలకూరా కొత్తిమీరా కలిపి రుబ్బి తీసిన రసం. దానికి తోడు రోజూ రెండు కొబ్బరిబొండాలు. కిడ్నీలు కడిగేస్తాయని ఎవరో చెప్పారట.

మామూలు మనిషికి కొబ్బరినీళ్లంత మంచివి లేవు. కిడ్నీ దెబ్బతిన్నవాడికి అవే ముప్పు, ఎందుకంటే ఒక గ్లాసులో దాదాపు అరటిపండంత పొటాషియం ఉంటుంది. దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీ పంపలేదు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. పాలకూరలో ఆక్సలేటు ఎక్కువ, అదీ కిడ్నీకి భారమే. ఇవేవీ ఆయనకు సలహా ఇచ్చినవాళ్లకు తెలియవు. తెలిసిన డాక్టరుకేమో సీసా సంగతి తెలియదు. నేను మన భాషలో మెల్లగా అడిగితే పెద్దాయన చెప్పిన మాట ఇది: "సెప్తే తిడతారమ్మా." అంతకుముందు వేరే చోట చూపించుకుంటే, అక్కడి డాక్టరు అందరి ముందూ ఆయన పొడి పొట్లం చెత్తబుట్టలో పారేసి, ఇలాంటివి తాగి చావండి అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన తాగడం మానలేదు, చెప్పడం మానేశాడు.

సీసా దొరికింది కాబట్టి వైద్యం సరైన దారిలో పడి ఆయన ఆ పూట బతికాడు. దొరకనివి ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

ఏ మూలిక మంచిదో ఏది చెడ్డదో లోకానికి చాలాసార్లు తెలిసింది రోగి నోరు విప్పినప్పుడే. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఆరోగ్యం కోసం సొరకాయ రసం తాగాక చనిపోయారు. దాని మీద భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదుగా ఉన్న సొరకాయలో విషపదార్థం ఉంటుందనీ, చిన్న ముక్క కొరికి చూసి చేదుంటే రసం తీయవద్దనీ, తాగాక వాంతులు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలనీ ఆ సంఘం చెప్పింది. మా అమ్మ ఏ సొరకాయనైనా ముక్క నాలుక మీద పెట్టుకోకుండా కూరలో వేసేది కాదు. వంటింట్లో ఉన్న జాగ్రత్త మిక్సీ జారులోకి వచ్చేసరికి జారిపోయింది.

1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మాత్రలు వాడిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పోయాయి. అందరూ ఒకే రకం మాత్రలు వాడినట్టు బయటపడ్డాకే, అందులో పొరపాటున కలిసిన ఒక చైనా మూలికలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉందని తేలింది. మన పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు ఆ కుటుంబానిదే. తర్వాత 2021లో ముంబయి కాలేయ వైద్యులు కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన మరో తీగ అయ్యుంటుందని అంది. ఏది నిజమైనా మనలాంటివాళ్లకు పనికొచ్చే వాదనే, ఎందుకంటే గోడ మీది నుంచి తీగ తెంపుకునేవాళ్లం మనమే. తాము ఏం తాగారో ఆ రోగులు చెప్పకపోయి ఉంటే ఆ వాదనే పుట్టేది కాదు.

మా భిలాయికి 2018 వానాకాలం మరిచిపోలేనిది. డెంగీ వచ్చి ఊరు అల్లాడిపోయింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ మీద గట్టి దెబ్బ పడింది. ఆ నెలల్లో బొప్పాయి చెట్లకు ఆకు మిగల్లేదు. ఆకు రసం తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఇంటింటా అదే మాట. దీని మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కొన్నిటిలో ప్లేట్‌లెట్లు కాస్త తొందరగా పెరిగాయి కూడా. ప్రాణాలు దక్కుతాయని మాత్రం ఏదీ నిరూపించలేదు. డెంగీలో ప్లేట్‌లెట్లు ఐదారు రోజులు పడి, ఆ తర్వాత చాలామందిలో వాటంతటవే లేస్తాయి. ఐదో రోజున రసం తాగినవాడికి ఏడో రోజున సంఖ్య పెరిగితే పేరు ఆకుకు వస్తుంది. ఆకుకు పేరొస్తే నాకేం అభ్యంతరం లేదు. అసలు ప్రమాదం జ్వరం తగ్గిన రోజున మొదలవుతుంది, అదీ నా భయం. రక్తనాళాల నుంచి నీరు ఊరిపోయి బీపీ పడిపోయేది అప్పుడే. కడుపులో తీవ్రంగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే గంట కూడా ఆగకూడదు. జ్వరం పోయింది, రసం పనిచేసిందనుకుని ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లను స్ట్రెచరు మీద తెచ్చినప్పుడు ఆ తల్లుల ముఖాలు చూడలేకపోయాం. బొప్పాయి ఆకు గురించి చెప్పిన పక్కింటావిడ ఈ ఐదు గుర్తులు కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

కామెర్లదీ అదే తీరు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు పోసినవాడికీ, తాడు కట్టినవాడికీ, ఇక్కడి నాటువైద్యుడైన బైగాకీ ఆ పేరు దక్కుతుంది. కానీ కడుపుతో ఉన్న అమ్మాయికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాంతకం కావచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చే కామెర్లు ఏ పసరుకూ తగ్గవు. పచ్చబడ్డ కళ్లు చూసి ఏ కామెర్లో ఎవరూ చెప్పలేరు. రక్తపరీక్ష, స్కానింగ్ లాంటి పరీక్షలే చెప్పగలవు. ఆ పరీక్షలు చేయించాక పసరు తాగుతానంటే, ఆ పసరేమిటో చీటీ మీద రాయించమంటాను నేను.

సున్నపురాయి ఊరు కాబట్టి మా నందినికి సొంత భయం ఒకటుంది. కిడ్నీలో రాయి అనగానే ఇక్కడి నీళ్లదే పాపం అంటారు. "అప్పా, మా ఆయనకి రాయున్నాదట. పాలూ పెరుగూ మానీమంతన్నారు, నిజమేనా?" అని నన్ను దారిలో ఆపి అడిగినవాళ్లు చాలామంది. సున్నం అంటే కాల్షియం, రాయిలో ఉండేదీ కాల్షియమే, కాబట్టి పాలు మానాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో! కానీ జరిగేది తారుమారు. ఎక్కువ రాళ్లు కాల్షియం ఆక్సలేటువి. మనం తిన్న పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. పెరుగు మానేస్తే ఆక్సలేటు నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీకి వెళ్తుంది. అమెరికాలో 45 వేల మందికి పైగా మగవాళ్లను నాలుగేళ్లు గమనించి 1993లో అచ్చువేసిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తిన్నవాళ్లకే రాళ్లు తక్కువ వచ్చాయి. మా ఊళ్లో రాళ్లకు పెద్ద కారణం నా దృష్టిలో ఎండ. ఖదానులో చెమట కారి, మూత్రం చిక్కబడి, నీళ్లు తాగే తీరిక లేక వచ్చేవి అవి.

ఇక మందులు. మనవాళ్లు కొండపిండి ఆకు, ఉలవచారు, అరటిదవ్వ రసం చెప్తారు. ఇక్కడివాళ్లు పత్తర్‌చట్టా ఆకు నమలమంటారు, అది మన రణపాల. ఐదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలామటుకు మూత్రంలో తనంతట పోతుంది, దానికి నీళ్లు బాగా పడాలి. ఉలవకట్టు, దవ్వ రసం పేరుతో మనిషి కడుపులోకి నీళ్లు పోతాయి కాబట్టి నేను వద్దనను. స్కానింగ్ చేయించావా, రాయి ఎంతుంది అని మాత్రం అడుగుతాను. పెద్ద రాయి నాళానికి అడ్డుపడి కిడ్నీ ఉబ్బుతుంటే, నొప్పి తగ్గిందని సంబరపడే రోజుల్లోనే కిడ్నీ చచ్చిపోతుంటుంది. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ప్రకృతి వైద్యం మీద తెలుగువాళ్లకున్న మక్కువ ఈనాటిది కాదు. జర్మనీ వాడైన లూయీ కూనే నీటి చికిత్స పుస్తకాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. హిందీ, ఉర్దూల కన్నా పదేళ్లు ముందు. భారతదేశంలో ఆధునిక ప్రకృతి వైద్యం కథ అక్కడ మొదలైందని చెప్తారు. ఆ ఒరవడిలోనే మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంటను లక్షల ఇళ్లకు చేర్చారు. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి, అన్నం మానెయ్యండి, కొవ్వు తినండి అన్నారు. ఒకే ఇంట్లో అత్తగారు మొదటి పద్ధతీ కోడలు రెండో పద్ధతీ పాటించడం నేను చూశాను. రెండింటి వల్లా బరువు తగ్గినవాళ్లున్నారు. వాళ్ల ఆనందం అబద్ధం కాదు. కానీ ఇన్సులిను గానీ, షుగరును బలవంతంగా దించే మాత్రలు గానీ వాడుతున్న మనిషి ఉన్నట్టుండి అన్నం మానేసి, మోతాదు తగ్గించుకోకపోతే షుగరు పడిపోయి తెల్లారేసరికి లేవకపోవచ్చు. చిన్నతనంలోనే మధుమేహం వచ్చిన పిల్లలకు ఇన్సులిను ఆపితే రోజుల్లోనే ప్రాణం పోతుంది. సభలో వెయ్యిమందికి చెప్పే సలహాలో ఈ ఒక్కడి చీటీ ఎవరికీ కనిపించదు.

కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్‌కు ఇచ్చిన నాటుమందు కోసం 2021 మేలో జనం ఎలా విరగబడ్డారో మనమంతా చూశాం. నందిని నుంచి కూడా ఎవరైనా అటు వెళ్తున్నారా అని మా వాళ్లు ఆరా తీశారు. ప్రభుత్వం పంపిణీ ఆపి, పరీక్షలు చేయించి, నెలాఖరున నోటి ద్వారా ఇచ్చే వాటిలో కొన్నిటికి అనుమతిచ్చి, కంటి చుక్కలకు ఇవ్వలేదు. ఆక్సిజను దొరకని రోజుల్లో జనం ఆశపడటాన్ని తప్పు పట్టే మనసు నాకు లేదు. కంటి చుక్కల్ని వేరుగా చూసి వద్దన్న ఆ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. మొత్తాన్ని కొట్టిపారేయలేదు, మొత్తాన్ని నెత్తిన పెట్టుకోనూ లేదు. ఏది ఏమిటని అడిగారు.

అలా అడిగినవాడు మనకు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. లక్ష్మీపతి గారు ఆధునిక వైద్యమూ చదివినవారు, ఆయుర్వేదమూ అభ్యసించినవారు. ఆయన నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు పాఠాలు చెప్పారు. పరిశోధన చేయాలనే పట్టుదలతో 1922లో అమెరికా వెళ్లారు. స్ప్రూలో వచ్చే రక్తహీనతను తగ్గించే ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో ఆయన బృందమే తయారుచేసింది. ఇవాళ మన ఊరి ఆశా కార్యకర్త గర్భిణుల చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే. నాటువైద్యానికి కృతజ్ఞతా, ప్రశ్న అడిగే తెగువా ఒక మనిషిలోనే కలిసి ఉండొచ్చని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

డబ్బు కోసం సలహా అమ్మేవాళ్ల సంగతి వేరు. వాళ్లను ఇరుగుపొరుగుతో కలపకూడదు. మధుమేహం, కిడ్నీలో రాళ్లు సహా యాభైకి పైగా జబ్బులను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా బస్టాండు గోడ నిండా ఆ ప్రకటనలే. పేరూ ఊరూ లేని పొట్లాల్లో స్టిరాయిడ్లు, షుగరు మాత్రల పొడి కలిపి అమ్మిన ఉదంతాలు దేశమంతటా బయటపడ్డాయి. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. పక్కింటావిడ తన దొడ్లో మొక్క తెంపి ఇస్తుంది, పైసా అడగదు, రేపు పొద్దున మళ్లీ నీ ముఖం చూడాలి. ఆ మొహమాటమే ఆమెకు అదుపు. లేబులు లేని పొట్లం అమ్మేవాడికి ఏ అదుపూ లేదు. వాడి దగ్గర కొనకండి.

సలహా ఇచ్చేవాళ్లకు నా మనవి. మీకు తగ్గిన మందు చెప్పండి, సంతోషంగా చెప్పండి. దాంతో పాటు మీకు డాక్టరు ఏ జబ్బని చెప్పాడో, అప్పుడు ఇంకేం మాత్రలు వాడారో, తగ్గడానికి ఎన్నాళ్లు పట్టిందో కూడా చెప్పండి. వారం తర్వాత వెళ్లి ఎలా ఉందని అడగండి. తగ్గలేదంటే ఇంకో ఆకు చెప్పకుండా, మీరే తోడు వెళ్లి ఆసుపత్రిలో చూపించండి.

డాక్టర్లకూ, నా తోటి సిస్టర్లకూ ఇంకో మనవి. బీపీ ఎంత, షుగరు ఎంత అని రాసే చీటీలోనే "ఇంట్లో ఇంకేం వాడుతున్నారు" అన్న గడి ఒకటి పెట్టండి. పక్కవాళ్లు వినకుండా, గొంతు పెంచకుండా అడగండి. ఏం చెప్పినా ముఖం చిట్లించకుండా రాసుకోండి. ఆపాల్సిందైతే ఎందుకు ఆపాలో రోగి భాషలో చెప్పండి. ఇక్కడ ఆ భాష కొందరికి ఛత్తీస్‌గఢీ, కొందరికి శ్రీకాకుళం తెలుగు. హాని లేనిదైతే ఉండనివ్వండి. రోగి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు కూడా ఏదో ఒక కషాయం కాగుతూ ఉంటుంది. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీతో పాటు ఆ పొడి పొట్లం, ఆ ఆకు కొమ్మ, ఆ సీసా సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టండి.